ఒక డాప్లర్ బాగుంది, ఒకటి బాగాలేదు: ఏది నమ్మాలి?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 27. తొలి కాన్పు, ఇప్పుడు 31 వారాలు నిండాయి. మాదాపూర్‌లో ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూస్తారు. భర్త, అత్తమ్మ, ఆమె కలిసి ఉంటారు. తల్లిగారిల్లు సూర్యాపేట దగ్గర ఒక పల్లె.

ఆమె రాసింది క్లుప్తంగా ఇది. ఏడో నెల దాకా అంతా సాఫీగా నడిచింది. శ్రీమంతం అయిన వారానికి చెకప్‌కు వెళ్తే బీపీ 146/94 ఉంది. మర్నాడు చూసినా తగ్గలేదు. డాక్టరు లాబెటలాల్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టి రక్తపరీక్షలు, మూత్రపరీక్ష, బిడ్డకు రక్తం ఎలా అందుతోందో చూసే డాప్లర్ స్కాన్ రాశారు. స్కాన్‌లో బిడ్డ బరువు 1,420 గ్రాములు, 8వ పర్సెంటైల్ (అదే వయసు బిడ్డల్లో నూటికి ఎనిమిది మంది మాత్రమే ఇంతకంటే తక్కువ) అని వచ్చింది. బొడ్డుతాడు రక్తనాళం పీఐ (రక్తప్రవాహానికి ఎంత అడ్డు ఉందో చూపే అంకె) 1.34, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. బిడ్డ మెదడు రక్తనాళం పీఐ 1.58. రెండింటి నిష్పత్తి 1.18, తక్కువ. భయం వేసి నాలుగు రోజుల తర్వాత ఇంకో సెంటర్లో చేయించుకుంటే అవే అంకెలు 1.08, 1.75, 1.62గా వచ్చాయి. ‘నార్మల్’ అని రాసిచ్చారు. ఈలోగా ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి అనే ఖరీదైన రక్తపరీక్ష కూడా అయింది. అది 62. “మంచిదీ అనలేం, చెడ్డదీ అనలేం, మధ్యలో ఉంది” అన్నారట డాక్టరు.

ఇక ఇంట్లో తలా ఒక మాట. ఇవన్నీ డబ్బులు గుంజే పరీక్షలని, మాటిమాటికీ స్కాన్ చేస్తే బిడ్డకు మంచిది కాదని అత్తమ్మ అంటున్నారు. తనకూ బీపీయే కదా అని తన టెల్మిసార్టాన్ గోళీ ఒకటి కోడలి చేతిలో పెట్టారు కూడా. ఆమె వేసుకోలేదు, కానీ వద్దని చెప్పలేక డబ్బాలో దాచింది. భర్త రాత్రిళ్ళు ఫోన్‌లో రిపోర్టులు పోల్చి చూస్తూ, యూరిక్ యాసిడ్ 6.1 ఉందని, రక్తప్రసరణ పెంచే మందు ఏదో ఉందని, ఆస్పిరిన్ ఎందుకు ఇవ్వలేదని అడుగుతున్నారు. తొలి కాన్పు తమ ఇంట్లోనే జరగాలని, వచ్చే వారం బండి మాట్లాడుకుని వస్తామని అమ్మ అంటోంది. “ఏ రిపోర్టు నమ్మాలి? తల్లిగారింటికి పోవచ్చా? బిడ్డను ముందే తీయించుకోవాలా, ఆగాలా? ఆఫీసు టెన్షన్, మామిడికాయ తొక్కు వల్లే ఇట్లయిందా?” ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ మీరు నిదానంగా వినాలంటే ముందు ఈ బరువు దిగాలి. తొక్కు వల్ల కాదు. ఆఫీసు వల్లా కాదు. మీకిప్పుడు కనిపిస్తున్న బీపీకి బీజం మొదటి నాలుగైదు నెలల్లో, మాయ (ప్లాసెంటా) పాతుకునే రోజుల్లోనే పడి ఉంటుంది. ఆ రోజుల్లో మాయ నుంచి కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి అక్కడి సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. 20 వారాలకల్లా ఆ పని దాదాపు పూర్తి కావాలి. కొందరిలో సగంలో ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో చాలామంది విషయంలో ఫలానా కారణమని వేలెత్తి చూపలేం. తొలి కాన్పు కావడం ఒక్కటే కొంత అవకాశాన్ని పెంచుతుంది. నెలలు పెరిగి బిడ్డ అవసరం ఎక్కువయ్యాక ఆ లోటు బయటపడుతుంది. పోయిన నెల మీరు ఏం తిన్నారో, ఏ అర్ధరాత్రి దాకా లెక్కలు సరిచూశారో దానికి దీనితో సంబంధం లేదు.

రక్తం చాలని మాయ తల్లి రక్తంలోకి ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది రక్తనాళాలను ఆరోగ్యంగా ఉంచే పీఎల్‌జీఎఫ్ అనే ఇంకో ప్రోటీన్‌ను పట్టి కట్టేస్తుంది. దాంతో నాళాల లోపలి పొర దెబ్బతిని బీపీ పెరుగుతుంది, కిడ్నీ నుంచి ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది, కాలేయం మీదా ప్లేట్‌లెట్ల మీదా భారం పడుతుంది. ఈ జబ్బునే ప్రీఎక్లాంప్సియా అంటారు. భారతదేశంలో పుట్టి, అప్పట్లో బోస్టన్‌లో పనిచేసిన కిడ్నీ వైద్యుడు అనంత్ కారుమంచి బృందం 2003లో ఈ సంగతి బయటపెట్టింది. ఆ ప్రోటీన్‌ను ఎలుకల్లో పెంచితే వాటికీ బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పోయింది. మీకు చేసిన ఖరీదైన పరీక్షకు మూలం అదే.

ఇక మీ రిపోర్టుల గొడవ. రక్తపరీక్ష 62 అంది, డాప్లర్ ఒకచోట బాగాలేదంది, ఇంకోచోట బాగుందంది. వీటిని మీరు ఒకే ప్రశ్నకు మూడు జవాబులుగా చూస్తున్నారు. అసలు అవి ఒకే ప్రశ్నకు జవాబులు కావు. రక్తపరీక్ష మాయ ఎంత ఇబ్బందిలో ఉందో, రాబోయే వారాల్లో మీకు ఏం కావచ్చో చెబుతుంది. డాప్లర్ బిడ్డకు ఇవాళ రక్తం ఎలా అందుతోందో చెబుతుంది. రెండూ కలిసి చివరికి చెప్పేది ఒక్కటే: మళ్ళీ ఎన్నాళ్ళకు చూడాలి, ఆ చూసేవరకూ మీరు ఎక్కడ ఉండాలి. బిడ్డ మంచి చెడ్డల మీద తీర్పు ఏ ఒక్క కాగితంలోనూ ఉండదు. మీ డాక్టరు ‘మధ్యలో ఉంది’ అని ఊరుకోకుండా ఈ మాట కూడా చెప్పి ఉంటే మీకు ఇన్ని నిద్రలేని రాత్రులు తప్పేవి.

62 అంటే ఏమిటో చూద్దాం. ప్రీఎక్లాంప్సియా అనుమానం ఉన్న గర్భిణుల మీద పలు దేశాల్లో చేసిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. 24 నుంచి 37 వారాల లోపు వాళ్ళను చూశారు. నిష్పత్తి 38 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళలో వారంలోపు ఆ జబ్బు రాకపోవడం 99 శాతం పైమాటే. 38 దాటినవాళ్ళలో నాలుగు వారాల్లోపు జబ్బు వచ్చింది నూటికి దాదాపు 37 మందికి. ఈ రెండో అంకెను రెండు వైపుల నుంచీ చదవండి. నూటికి 60 మందికి పైగా ఆ నెలలో రాలేదు. 34 వారాల లోపు 85 దాటితే జబ్బు ఉన్నట్టేనని డాక్టర్లు చాలావరకు భావిస్తారు. మీది 38కీ 85కీ మధ్య. అంటే ఇవాళ్టికి భయపడాల్సిన అంకె కాదు, నెలకొకసారి చెకప్ సరిపోతుందనుకుని ఇంట్లో కూర్చునే అంకె కూడా కాదు. ఒకటి రెండు వారాల్లో మళ్ళీ చేయిస్తే అది పెరుగుతోందా, అక్కడే ఉందా అన్నది ఈ 62 కంటే ఎక్కువ చెబుతుంది. చేయిస్తే మాత్రం అదే ల్యాబులో, అదే మెషిన్ మీద చేయించండి. కంపెనీని బట్టి హద్దులు కాస్త మారతాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ 2023లో అనుమతించిన పరీక్షకు హద్దు 40.

దీని ఖర్చు గురించి అత్తమ్మ అడిగింది తప్పని నేను అనను. రేపు మీకు మూత్రంలో ప్రోటీన్ వచ్చి, బీపీ పెరిగి, జబ్బు తేలిపోయిందనుకోండి, ఆ తర్వాత ఈ పరీక్షను పదేపదే చేయించడం వల్ల చికిత్స పెద్దగా మారదు. జబ్బు ఉందా లేదా అని సందేహంగా ఉన్నప్పుడే దీని విలువ. మీరిప్పుడు ఉన్నది సరిగ్గా ఆ సందేహంలోనే. అందుకని ఇంకొక్కసారి చేయించడానికి నేను ఒప్పుకుంటాను. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే మాత్రం డాప్లర్‌కూ మామూలు రక్తపరీక్షలకూ పెట్టమంటాను.

డాప్లర్ రిపోర్టులో నలుపు మీద తెల్లగా వరుస కొండల్లాంటి బొమ్మ ఉంటుంది. ఉత్తరం పక్కన పెట్టి అది ఒకసారి తీయండి. ప్రతి కొండ శిఖరం బిడ్డ గుండె కొట్టుకున్న క్షణం. రెండు కొండల మధ్య లోయ, గుండె మళ్ళీ నిండే విరామం. కింద ఒక అడ్డగీత ఉంటుంది. లోయ ఆ గీతను తాకకుండా పైన ఉందా లేదా అన్నది ముఖ్యం. మన అపార్ట్‌మెంట్ పైపుల్ని తలుచుకోండి. అవతల కుళాయిలు బాగా తెరిచి ఉంటే మోటారు ఆగిన క్షణంలోనూ పైపులో నీళ్ళు జారుతూనే ఉంటాయి. కుళాయిలు సగం బిగిస్తే మోటారు ఆగగానే ప్రవాహమూ సన్నబడుతుంది. బొడ్డుతాడుకు అవతలి కొస మాయ. మాయలో నాళాలు మూసుకుపోయేకొద్దీ లోయ కిందికి దిగుతుంది, పీఐ అంకె పెరుగుతుంది. ఇంకా ముదిరితే లోయ అడ్డగీతను తాకుతుంది, అంటే విరామంలో ప్రవాహం లేదు. బాగా ముదిరితే గీత కిందికి పోతుంది, రక్తం వెనక్కి తంతోంది. మీ రెండు రిపోర్టుల్లోనూ లోయ గీతకు పైనే ఉందని రాశారు. ఇది గట్టి ఊరట, దీన్ని చిన్నచూపు చూడకండి.

మెదడు రక్తనాళం సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. రక్తం తగ్గుతోందని పసిగట్టిన బిడ్డ, ఉన్నదాన్ని మెదడుకు ఎక్కువ మళ్ళించుకుంటుంది. అప్పుడు అక్కడ పీఐ తగ్గుతుంది. అందుకే రెండింటి నిష్పత్తి చూస్తారు. మొదటి స్కాన్‌లో అది తక్కువగా రావడం, బిడ్డ సర్దుకోవడం మొదలుపెట్టి ఉండొచ్చనే సూచన. బిడ్డ ఓడిపోతోందని మాత్రం దాని అర్థం కాదు.

మరి నాలుగు రోజుల్లో అంకెలు ఎందుకు మారాయి? ఒక చోట తప్పు, ఇంకో చోట ఒప్పు అనుకోనక్కర్లేదు. బొడ్డుతాడును బిడ్డ పొట్ట దగ్గర కొలిస్తే పీఐ ఎక్కువ వస్తుంది, మాయ దగ్గర కొలిస్తే తక్కువ, నడుమ తేలాడే చోట ఆ మధ్యస్థంగా. కొలిచేటప్పుడు బిడ్డ కదిలినా, ఊపిరి తీసే కదలికలు చేసినా అంకె మారుతుంది. వారాలు లెక్కగట్టడంలో తేడా వస్తే అదే అంకె ఒకచోట నార్మల్, ఇంకోచోట అబ్‌నార్మల్ అవుతుంది. మూడో నెల లోపు చేసిన మొదటి స్కాన్ ప్రకారం డేట్ పెట్టారా అని రెండు రిపోర్టుల్లోనూ చూడండి. రెండో సెంటర్ వాళ్ళు బిడ్డ బరువు కొలిచారా? మీ ఉత్తరంలో ఆ అంకె లేదు. బరువు 10వ పర్సెంటైల్ లోపు ఉండి, బొడ్డుతాడు పీఐ 95వ పర్సెంటైల్ దాటితే ఎదుగుదల కుంటుపడుతోందని అనుమానించాలి. మొదటి రిపోర్టు అదే చెబుతోంది. రెండోది బాగుంది కదా అని మొదటిదాన్ని చింపేయకండి. మూడో సెంటర్ కూడా వెతకకండి. రెండు కాగితాలూ పట్టుకుని హైరిస్క్ గర్భాల స్కాన్లు చూసే ఫీటల్ మెడిసిన్ స్పెషలిస్టు ఒకరి దగ్గరికి వెళ్ళండి. ఇకనుంచి ప్రతి డాప్లర్ వాళ్ళ దగ్గరే, కనీసం వారానికొకసారి. బరువు మాత్రం రెండు వారాలకొకసారి కొలిస్తే చాలు. అంతకంటే త్వరగా కొలిస్తే పెరిగిందో లేదో తేలదు. స్కాన్‌లో ఎక్స్‌రే ఉండదు, అవి శబ్ద తరంగాలు. ఈ నెలల్లో అవసరానికి చేసే డాప్లర్ వల్ల బిడ్డకు హాని లేదని అత్తమ్మకు ధైర్యంగా చెప్పండి. ఇలాంటి గర్భాల్లో బొడ్డుతాడు డాప్లర్ చూస్తూ ఉంటే కడుపులోనూ పుట్టిన వెంటనేనూ జరిగే శిశుమరణాలు తగ్గుతాయని తేలింది.

మీ వారిని కలవరపెట్టిన మామూలు రక్తపరీక్షల గురించి ఒక మాట. ల్యాబు కాగితం కుడివైపు అచ్చువేసే నార్మల్ హద్దులు గర్భం లేనివాళ్ళవి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎర్రగా కనిపిస్తే కంగారు వద్దు, అది మాయ నుంచి కూడా వస్తుంది. తెల్లకణాలు పెరగడమూ మామూలే. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్‌తో మాత్రం జాగ్రత్త: గర్భంలో అది సహజంగా తగ్గుతుంది కాబట్టి ల్యాబు నార్మల్ అని వేసిన 0.9 కూడా మీకు ఎక్కువే కావచ్చు. మీది 0.6, బాగుంది. యూరిక్ యాసిడ్ ఈ జబ్బులో పెరుగుతుంది, నిజమే, కానీ ఒక్కదాన్నే పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. మీ వారు రాత్రిళ్ళు చూడాల్సిన అంకె ప్లేట్‌లెట్లు. పోయిన నెల 2.4 లక్షలు, ఇప్పుడు 1.86 లక్షలు అని రాశారు. నార్మల్‌లోనే ఉన్నాయి, కానీ దిగాయి. గర్భంలో కొంత దిగడం మామూలే అయినా, తర్వాతి పరీక్షలో ఎటు పోతున్నాయో చూడాలి. లక్ష కిందికి వస్తే, లేదా కాలేయం ఎంజైములు రెట్టింపు దాటితే, జబ్బు తీవ్రమైందని లెక్క. మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.3 దాటితే ప్రీఎక్లాంప్సియా అంటారు. మీది 0.18. ఆయన ఫోన్‌లో పోలికలు మానేసి, తేదీ వేసి ఈ నాలుగైదు అంకెలను ఒక నోటుబుక్కులో రాస్తే డాక్టరుకు నిజంగా పనికొస్తుంది.

ఆయన అడిగిన మందుల సంగతి. ఆస్పిరిన్ జబ్బు రాకుండా ముందుగా వాడేది. 16 వారాల లోపు మొదలుపెడితేనే దాని మేలు బాగా కనిపిస్తుంది, ఇప్పుడు మొదలుపెడితే అంతగా ఉండదు. మళ్ళీ గర్భం వస్తే మొదటి చెకప్‌లోనే అడగండి. రక్తప్రసరణ పెంచే మందు గురించి చదివింది బహుశా సిల్డెనాఫిల్ అయి ఉంటుంది. దాన్ని ఎదుగుదల తగ్గిన బిడ్డల కోసం ప్రయోగించి చూస్తే, నెదర్లాండ్స్‌లో పుట్టిన శిశువులకు ఊపిరితిత్తుల సమస్యలు వచ్చి కొందరు చనిపోవడంతో 2018లో ఆ ప్రయోగం ఆపేశారు. దాని జోలికి పోవద్దు. ఆర్జినిన్ పొడి పొట్లాలు మన దగ్గర చాలామందికి రాస్తారు. వాటితో డాప్లర్ బాగుపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మూసుకుపోతున్న మాయను తెరిచే మందు ఇప్పటికి లేదు. ఉన్నవి మూడు: తల్లి బీపీని అదుపులో ఉంచడం, బిడ్డను దగ్గరగా కనిపెట్టి ఉండడం, సరైన రోజున బిడ్డను బయటికి తేవడం.

ఆ రోజు ఏది అన్నదే మీ అసలు ప్రశ్న. ఇప్పుడే తీయించుకోవాలా అంటే, మీరు రాసిన అంకెల ప్రకారం ఆ అవసరం కనిపించడం లేదు. మిమ్మల్ని చూసిన డాక్టరుకు ఇంకేదైనా కనిపిస్తే ఆ మాటే ముందు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డ ఊపిరితిత్తులకూ మెదడుకూ పనికొస్తుంది. బీపీ అదుపులో ఉండి, రక్తపరీక్షలు బాగుండి, బొడ్డుతాడు లోయ గీతకు పైనే ఉంటే 37 వారాల దాకా ఆగుతారు. జబ్బు తీవ్రమైన లక్షణాలు వస్తే 34 వారాలు దాటాక ఆగరు. విరామంలో ప్రవాహం ఆగిపోతే ఆసుపత్రిలో పడుకోబెట్టి, చాలావరకు 33, 34 వారాల్లో కాన్పు చేస్తారు. రక్తం వెనక్కి తంతుంటే ఇంకా ముందే, 30 నుంచి 32 మధ్య. తల్లికి మూర్ఛ వచ్చినా, బీపీ మందులకు లొంగకపోయినా వారాలు లెక్కబెట్టరు. 34 వారాల లోపు కాన్పు తప్పదనిపిస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ‘ముందుజాగ్రత్తకు ఇప్పుడే వేయించండి’ అని అడగకండి. వారం లోపు కాన్పు అయ్యేలా ఉన్నప్పుడు వేస్తేనే వాటి పూర్తి మేలు, పదేపదే వేయడం మంచిది కాదు. పాతవాళ్ళు గుర్రపువాతం అని భయపడే మూర్ఛలు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. అది ఆ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లోనే పెద్ద అధ్యయనంలో రుజువైంది.

ఇప్పుడు తల్లిగారిల్లు. మీ అమ్మ కోరికలో తప్పు లేదు. తొలి కాన్పుకు కూతురి దగ్గర ఉండాలని ఏ తల్లికి ఉండదు? కానీ ఈ నెలన్నర మీరు ఎక్కడున్నారన్నది ఆచారంతో తేల్చే సంగతి కాదు. రాత్రి రెండింటికి మీకు తలపోటు వచ్చి బీపీ 170 ఉంటే ఎంతసేపట్లో ఆపరేషన్ థియేటర్ చేరగలరు, నెలలు నిండని బిడ్డకు వెంటనే వెంటిలేటర్ దొరుకుతుందా, ఇదీ లెక్క. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడి ఆసుపత్రికి ఫోన్ చేసి, 32 వారాల బిడ్డను అక్కడే చూస్తారా, హైదరాబాద్ పంపిస్తారా అని మీ అన్ననో నాన్ననో అడగమనండి. పంపిస్తామంటే, రెండు గంటలకు పైగా హైవే ప్రయాణం మీరు అత్యంత ప్రమాదంలో ఉన్న సమయంలో చేయాల్సి వస్తుంది. ఇప్పుడున్న డాక్టరు చేతిలో ఉన్న మీ అంకెల వరుస కూడా తెగిపోతుంది. నా ఆలోచన అడిగితే, మీరు కదలకుండా అమ్మనే కూకట్‌పల్లి రమ్మనండి. ఇల్లు చిన్నదని, అత్తమ్మ ఏమనుకుంటుందోనని మీ అమ్మ మొహమాటపడుతుంది. ఆ పిలుపు అత్తమ్మ నోటి నుంచి వెళ్తే ఆ మొహమాటం ఉండదు. ఆ ఫోన్ ఆవిడతో చేయించే బాధ్యత మీ వారిది.

కూకట్‌పల్లిలోనే ఉంటే ఏ ఆసుపత్రి? మీరు చూపించుకుంటున్న చోట రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా, ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఒకటిన్నర కిలో లోపు బిడ్డలను చూస్తారా, రక్తం ఎక్కడి నుంచి తెస్తారు అని ముఖం మీదే అడగండి. అడిగితే నొచ్చుకునే డాక్టరు కంటే జవాబు చెప్పే డాక్టరు మంచిది. ప్రైవేటు ఎన్‌ఐసీయూ ఖర్చు రోజుకు వేలల్లో ఉంటుంది, నెల తక్కువ బిడ్డ వారాల తరబడి ఉండాల్సి రావచ్చు. ఇన్సూరెన్స్ పుట్టిన బిడ్డకు కూడా మొదటి రోజు నుంచి వర్తిస్తుందా అని మీ కంపెనీ హెచ్ఆర్‌ను ఈ వారమే అడగండి. వర్తించకపోతే పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి, గాంధీ, నీలోఫర్ ఉన్నాయి. రద్దీ ఎక్కువ, గంటలు గంటలు కూర్చోవాలి, మనవాళ్ళను లోపలికి రానివ్వరు. కానీ చుట్టుపక్కల జిల్లాల నుంచి ఇలాంటి కేసులు పగలూ రాత్రీ వస్తుంటాయి కాబట్టి అక్కడి చేతులకు ఇవి అలవాటే. ప్రైవేటులో చూపించుకుంటూనే అక్కడొకసారి ఓపీలో పేరు రాయించి కార్డు తెచ్చుకున్నా మేలే. డబ్బు అయిపోయాక అర్ధరాత్రి పరుగెత్తడం కంటే అది నయం.

అత్తమ్మ ఇచ్చిన గోళీ వేసుకోకపోవడం మీరు చేసిన అతి మంచి పని. టెల్మిసార్టాన్, ఆ జాతి మందులు కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. ఆ డబ్బాలోంచి తీసి ఆవిడకే ఇచ్చేయండి. “అత్తమ్మా, ఇది మీకు మంచిదే, కడుపుతో ఉన్నవాళ్ళకు పనికిరాదట” అని చెబితే చాలు. ప్రేమతో ఇచ్చిన మనిషికి అంతకంటే వివరణ అక్కర్లేదు. ఉప్పు పూర్తిగా మానేయక్కర్లేదు, మామూలుగా తినండి. రోజంతా మంచం మీదే పడుకోవడం వల్ల కూడా మేలు లేదు, పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు. ఆఫీసుకు ఇంటి నుంచి పనిచేస్తానని అడగండి. ట్రాఫిక్‌లో గంటన్నర తప్పుతుంది, బీపీ చూసుకోవడానికి వీలవుతుంది.

బీపీ ఇంట్లో పొద్దున, సాయంత్రం చూసుకోండి. వంటింట్లో స్టూలు మీద కాళ్ళు వేలాడేసి, మాట్లాడుతూ చూస్తే ఎక్కువ చూపిస్తుంది. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, పాదాలు నేల మీద ఆనించి, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో పెట్టి, నోరు కదపకుండా చూడాలి. పట్టీ చేతికి బిగుతైతే పెద్ద సైజు కొనండి. మెషిన్‌ను ఒకసారి క్లినిక్‌కు తీసుకెళ్ళి అక్కడి దానితో సరిచూసుకోండి. పై అంకె 160 గానీ, కింది అంకె 110 గానీ వస్తే పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడండి. మళ్ళీ అంతే ఉంటే ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి బయలుదేరండి, బండి లేకపోతే 108. పారాసిటమాల్‌కు తగ్గని తలపోటు, కళ్ళ ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏది వచ్చినా బీపీ ఎంతుందని కూడా చూడొద్దు, నేరుగా వెళ్ళండి.

కాన్పు అయ్యాక, డాక్టరు సరేనన్నాక, మీ అమ్మతో నిశ్చింతగా సూర్యాపేట వెళ్ళండి. బీపీ మెషిన్ వెంట తీసుకెళ్ళండి. కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్ళీ పెరగడం మామూలు, ఆరు వారాల దాకా మూర్ఛలు వచ్చే అవకాశమూ ఉంది. బిడ్డ పుట్టింది కదా అని మాత్రలు మీరుగా ఆపొద్దు. లాబెటలాల్ వేసుకుంటూ పాలివ్వొచ్చు. మూడు నెలలకు బీపీ, మూత్రం మళ్ళీ చూపించుకుని, అప్పటికీ తగ్గకపోతే ఫిజీషియన్‌ను కలవండి.